మగ్గం గుంటల ఇంజను

సర్వధారి, జ్యేష్ఠం. సోమవారం.

మృగశిర కార్తె జొచ్చింది, చినుకు లేదు. దేవరకొండ గుట్ట మీది రాళ్లు పెనం లెక్క కాలుతున్నయి.

పొద్దుగాల డ్రైవరు జంగయ్య ఒచ్చిండు. మా ఆయన సచ్చిపోయిన కాడికెల్లి నేను జీతమియ్యలే, రమ్మనలే. అయినా ఒస్తడు, షెడ్డు తలుపు తీస్తడు, మా నల్ల మోటరు కారు మీది దుమ్ము తుడిచి పోతడు. ఇయ్యాల పోకుంట అరుగు మీద కూసున్నడు.

"అమ్మా, ఇగ దీని సంగతి తేల్చుండ్రి. ఊకె నిలబెడితె ఎలుకలపాలైతది."

"ఏం చెయ్యాలె?"

"రెండే తొవ్వలు. పాత ఇంజను తీసి వేరేది ఎక్కియ్యాలె. నల్లగొండల ఖాసిం మేస్త్రి తాన మిలటరోల్లు అమ్మేసిన ఇంజను ఒకటున్నది, దీనికంటె బలమైంది. అది గాకుంటె మోటరే ఎవలకన్న ఇచ్చేసి బదులు ఏమన్న తీస్కోవాలె."

రేపు చెప్త అన్న.

ఇంజనుకు బలం లేదని నాకెర్క. మాఘంల ఆయన తల ఒళ్లె వెట్టుకొని నల్లగొండ దవాఖానకు పోతాంటె, మల్లేపల్లి దాటినంక గుట్ట తొవ్వ ఎక్కుడు కాడ మోటరు ఆగింది. ఆ సంగతి రాయ. రాసి ఏం ఫాయిద.

ఆయనే నేర్పిన అక్షరాలు. ఇప్పుడు ఎవలకోసం రాస్తున్ననో.

బుధవారం.

రేపు చెప్త అన్న గదా. చెప్పలే.

శుక్రవారం.

మరిది బాలస్వామి ఒచ్చిండు. అన్నది నూలు దుకాణం, తమ్మునియి మగ్గాలు. గట్ల నడిచేది ఇల్లు. ఇప్పుడు దుకాణంల అడుగున ఇంత నూలు మిగిలింది, మగ్గాల మీద పడుగు లేదు. ఇండియా యూనియనోల్లు సరిహద్దుల కాడ సామాను బంద్ వెట్టిండ్రట. కోపం నిజాం సర్కారు మీద, ఆగింది మా నూలు.

"వదినె, నేను చెప్తె నీకు కోపమొస్తది."

"చెప్పకముందే ఎందుకొస్తది?"

"నార్కట్‌పల్లిల ఒక కంట్రాక్టరు తాన నూలున్నది. పైసలకు ఇయ్యడట. మోటరిస్తె బండెడు నూలిస్తనన్నడు. మోటరు పాతదైనా ఫికర్ లేదట."

"అది మీ అన్న మోటరు."

"అన్న ఉంటె నూలే తెచ్చేటోడు. మన వాడకట్టుల ఎన్ని పొయ్యిలు రాజుకుంటలేవో చూస్తున్నవా? ఎదురింటి చెన్నయ్య పిల్లలకు చింతచిగురు ఉడకవెట్టి తాగిపిస్తుండు. తొవ్వల ఆగిపోయిన మోటరును చూసుకుంట ఎన్నాళ్లు కూసుంటవు?"

బాలస్వామి చెప్పింది నిజమే. అందుకే కోపమొచ్చింది.

ఆషాఢం. మంగళవారం.

బాలస్వామి, నేను బస్సుల నార్కట్‌పల్లికి పోయి ఒచ్చినం. ఆయన పోయినంక గడప దాటుడు ఇదే మొదలు. బస్సుల ఆడోల్లు నా బోడి నుదురు చూసి జరిగి కూసున్నరు.

హైద్రాబాదు నుంచి బెజవాడకు పోయే సడక్ మీద కంట్రాక్టరు ఇల్లు. ఇంటెనుక రేకుల షెడ్డు. నూలు చూపిచ్చిండు. రెండు వేళ్లతోని నలిపి చూసిన. తెల్లగ, ముడుల్లేకుంట, మంచిగున్నది.

షెడ్డుల ఇంకో రెండు మోటర్లున్నయి. వెనుక సీట్లు పీకి చెక్కలు కొట్టిండ్రు. ఖాకీ బట్టల పోరగాండ్లు వాటి మీద కూసోని తుపాకులు తుడుస్తున్నరు. రజాకార్లే.

"మీ మోటరుకు లారీ ఇంజను ఎక్కిస్త" అన్నడు కంట్రాక్టరు. "ఇంకింత మంది పట్టాలె. చేన్లపొంటి గూడ ఉరకాలె."

"పెండ్లిళ్లకు కిరాయికిస్తరా?" అని అడిగిన.

ఆయన నవ్విండు. పోరగాండ్లు గూడ నవ్విండ్రు.

ఒకసారి ఇచ్చినంక అది వాల్ల మోటరు. ఎవలు ఏడికి పోతె మనకేంది అనుకున్న.

గురువారం.

నూలు మంచిదే. సోమవారం మోటరును ఎడ్లకు కట్టి పంపుదామని బాలస్వామితోని చెప్పిన. జంగయ్య విన్నడు. షెడ్డుకు పోయి మోటరు తుడిచిండు.

ఆదివారం.

చెన్నయ్య తల్లిని భుజం మీద ఏస్కొని తెచ్చిండు. గుర్వమ్మ పక్క గూడెంల ఉంటది, రెండు మేకలు, ఒక గుడిసె. నిజాం మీద కొట్లాడే సంఘపోల్లకు బువ్వ వెట్టిండ్రని రజాకార్లు గూడెం మొత్తం కాలవెట్టిండ్రట. మేకల తాడు ఇప్పబోతె ఆమె రెండు చేతులు మోచేతులదాంక కాలినయి.

నేను కలబంద తీస్కపోయి గుజ్జు రాసిన. ఆమె మూలుగలే. చూరు దిక్కు చూసుకుంట చెప్పింది.

"మోటర్ల ఒచ్చిండ్రు బిడ్డా. నడిచొచ్చేటోల్లయితె కుక్కలు మొరిగేటియి, మేం చేన్లల్ల దాసుకునేటోల్లం. మోటర్ల ఒచ్చినంక ఏడికురుకుతం?"

ఎన్ని మోటర్లని అడిగిండు చెన్నయ్య. రెండు అన్నది.

వెనుక చెక్కలున్నయా అని నేను అడుగుదామనుకున్న. అడగలే.

సోమవారం.

ఎడ్లు ఒచ్చినయి. తిప్పి పంపిన.

బాలస్వామి ఆకిట్లనే లడాయి వెట్టుకున్నడు. "ఆ రెండు మోటర్లు వాల్లయే అనుకో. మనది ఇయ్యకుంటె ఇంకోడిస్తడు. ఊర్లు కాలుడు ఆగుతదా?"

"ఆగదు."

"మరి? ఊర్లకు ఊర్లు కాలుతయి, నూలుకు నూలు పాయె. నీకు మనసు నిమ్మలం, మాకు కడుపుల మంట."

దుకాణం తెరిచి మిగిలిన నూలంతా కిందేసిన. ఇంటికింత పంచుమన్న. బాలస్వామి పంచిండు గని నా మొఖం చూడలే. చెన్నయ్య తన పాలు తీసుకొని, "చిన్నమ్మా, మంచి పని చేసినవు" అన్నడు. నూలు గురించో మోటరు గురించో చెప్పలే.

శ్రావణం. శనివారం.

"మనం ఇయ్యకుంటె వాల్లే ఒచ్చి గుంజుకపోతరు" అన్నడు జంగయ్య.

"ఇంజను లేని మోటరు గుంజుకపోతరా?"

జంగయ్య నన్ను కొత్తగ చూసినట్టు చూసిండు.

గంతె. తేలిపాయె. పాత ఇంజను తీసుడు, ఖాసింకు ఇచ్చుడు, పైన నా వెండి కడియాలు ఇచ్చి ఆ మిలటరీ ఇంజను తెచ్చి, అమరుతదో లేదో చూసుకొని దాసుడు. కడియాలు ఇగ నేను పెట్టుకునేటియి గావు.

ఎన్నెల్ల నుంచి తేల్చలేంది ఇయ్యాల ఒక్క మాటల తేలింది. తేల్చింది నేనో, నా లోపలి భయమో.

శ్రావణ బహుళం.

ఖాసిం మేస్త్రి ఇంజను తెచ్చిండు, గడ్డి బండి అడుగున. సన్నటి మనిషి, గడ్డంల తెల్ల ఎంట్రుకలు. చెల్లెను గీ ఊర్లనే ఇచ్చిండు, కోట కింది గల్లీల. ఇంజను మీద గడ్డి దులుపుకుంట దానితోని ఉర్దూల ఏందో మాట్లాడిండు.

"ఎక్కుడు ఎక్కుతదా?" అని అడిగిన.

"అక్కా, ఎక్కుడు ఇంజను పని. ఎక్కించుడు జంగయ్య పని. నాది బోల్టులు బిగించే పని."

బోల్టులే బిగలే. కొత్త ఇంజను కాళ్లు మోటరు చట్రంల కూసుంటలేవు. నల్లగొండకు పోయి ఇనుప పట్టీలు కొట్టిచ్చుకొని ఒస్తనన్నడు. ఇంజను షెడ్డుల నేల మీదనే ఉన్నది.

చవితి ముందటి దినం.

మోటర్లున్న ఇండ్లన్ని రజాకార్లు తిరుగుతున్నరట. ఇంజను ఏడ దాయాలె? బాయిల ఏద్దామన్నడు జంగయ్య. ఏసినంక తీసుడెట్ల?

బాలస్వామి ఒచ్చిండు. లడాయి అయినంక మా ఆకిట్ల కాలువెట్టుడు ఇదే. "నా మగ్గం గుంటల దించుండ్రి" అన్నడు. గంతె మాట.

నేసేటోడు కాళ్లు పెట్టుకునే గుంట అది. గడ్డపారతోని జర లోతు చేసిండ్రు. చెన్నయ్య, ఇంకిద్దరు మగ్గాలోల్లు తాళ్లు పట్టిండ్రు. పట్టీల కొలతలకు మల్ల ఒచ్చిన ఖాసిం గూడ ఒక తాడు పట్టిండు. ఆయన, చెన్నయ్య ఒకల ముందట ఒకలు నిలబడి, "జర నిమ్మలంగ, జర నిమ్మలంగ" అనుకుంట దించిండ్రు.

చవితి మర్నాడు.

ఒచ్చిండ్రు.

బానెట్టు లేపి చూస్తె లోపల ఏం లేదు. ఇంజను ఏదన్నరు. నల్లగొండల ఇచ్చేసినమన్న. ఇల్లంత ఎత్తేసిండ్రు. బాలస్వామి ఇంటికి పోయిండ్రు. నేను ఎనుక పోయిన.

బాలస్వామి మగ్గం మీద కూసోని నేస్తుండు. నేను పంచిన నూలే పడుగు. గుంటల జాగా లేక రెండు కాళ్లు ఇంజను మీదనే ముడుచుకున్నడు, ఒళ్లెకు ఒక దుప్పటి గుంజుకున్నడు. నాడె అటిటు పోతాంది. తొక్కుడు కట్టెలు లేవు గద, చేతితోనే ఎట్లనో దారాలు లేపుతుండు. నాకే నవ్వొచ్చేటట్టున్నది, భయంల నవ్వు.

వాల్ల పెద్ద వంగి బట్ట పట్టి చూసిండు. "అచ్ఛా కప్డా" అన్నడు. పోయిండ్రు.

పోయినంక బాలస్వామి లేవలేకపాయె, కాళ్లు కొయ్యబారినయి. జంగయ్య, నేను చెరో రెక్క పట్టి లేపినం. ముగ్గురం ఒకల మీద ఒకలం పడి నవ్వినం. మాఘం నుంచి నేను నవ్వుడు ఇదే.

"వదినె, నీ ఇంజను మీద నేసుడు శాన కష్టం" అన్నడు.

భాద్రపద శుద్ధం. శుక్రవారం.

యూనియన్ ఫౌజు ఒచ్చిందట. నిజాం లొంగిపోయిండట. వాడకట్టు మొత్తం రోడ్డు మీదున్నది. గుర్వమ్మ ఆకిట్ల కూసోని కాలిన చేతులు ఎండకు పెట్టుకున్నది.

మంగళవారం.

ఖాసిం పట్టీలు తెచ్చిండు. "ఇగ లడాయి అయిపాయె గదక్కా, నిమ్మలంగ పని చేసుకోవచ్చు" అన్నడు. ఇంజను గుంటలకెల్లి లేపి మోటరుల కూసోవెట్టిండ్రు.

ఊర్లళ్ల తురకోల్ల ఇండ్ల మీద పడుతున్నరని చెప్పుకుంటున్నరు. మన ఊర్లె గట్ల గాదు.

గురువారం, నల్లగొండల.

మా ఊర్లె గూడ గట్లనే అయ్యింది. నల్లగొండల మా ఆయన మేనత్త ఇంట్ల కూసోని రాస్తున్న.

నిన్న పొద్దున ఖాసిం మోటరు కింద పండుకొని బిగిస్తుండు. చెన్నయ్య ఒచ్చిండు, ఎనుక అయిదారుగురు. చేతులల్ల కట్టెలు. అందరు మా వాడకట్టోల్లే, నేను నూలు పంచినోల్లే.

"ఖాసింను బయటికి పంపు చిన్నమ్మా."

"ఎందుకు?"

"మా అవ్వ చేతులు చూసినవు గద."

"ఆ చేతులు కాల్చింది ఈయననా?"

"ఆ మోటర్లు బాగు చేసిందెవలో అడుగు."

మోటరు కిందికెల్లి ఖాసిం ఎల్లొచ్చిండు. మొఖం మీద నూనె. "చేసిన" అన్నడు. "చెయ్యనంటె నా దుకాణం కాలవెట్టేటోల్లు. చేసిన."

ఎందుకు చెప్పిండో. లేదంటె ఏం పోయేది? కట్టెలు లేచినయి. నేను నడుమకు పోయిన. ఏం మాట్లాడిన్నో మొత్తం యాదికి లేదు, గిది మాత్రం యాదికున్నది.

"నూలు కోసం వాల్లకు మోటరే ఇయ్యబోయిన నేను. ఎడ్లు ఆకిట్లకు ఒచ్చినయి. మీ అవ్వ ఒక దినం ఆలస్యంగ ఒచ్చుంటె ఇచ్చేసేదాన్ని. బోల్టు బిగించినోన్ని కొడితె, మోటరిచ్చేదాన్ని ఏం చేస్తవు? ముందుగాల నన్ను కొట్టు."

చెన్నయ్య కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కోపం తోనో, మరి ఏందో. బాలస్వామి ఒచ్చి నా పక్కకు నిలబడ్డడు. చేతిల ఏం లేదు, ఊకె నిలబడ్డడు. చెన్నయ్య కట్టె దించి, "ఇంక మంది ఒస్తున్నరు, వాల్లు నా మాట ఇనరు" అని ఎల్లిపోయిండు. బెదిరిచ్చిండో, ముందుగ చెప్పి పోయిండో తెలువదు.

ఇగ జాగు చెయ్యలే. జంగయ్య హ్యాండిల్ తిప్పిండు. దగ్గింది, ఆగింది. మల్ల తిప్పిండు. ఖాసిం బానెట్టుల తలపెట్టి ఏందో అనుకుంట పైపు నొక్కిండు. అప్పుడు అందుకున్నది. వాడకట్టు అదిరింది. పాత ఇంజను గిట్ల మోగలే ఎన్నడు.

కోట కింది గల్లీల ఖాసిం చెల్లెను, ఆమె మొగన్ని, అత్తను ఎక్కిచ్చుకున్నం. వాల్లు, ఖాసిం వెనుక సీట్ల కింద వంగి, పైన దుప్పట్లు. ముందట జంగయ్య, నేను. బోడి నుదురుతోని ముండమోపి ముందట కూసుంటె ఎదురొచ్చినోల్లు మొఖాలు తిప్పుకున్నరు. నన్ను చూసి తప్పుకునేటోల్ల మీద కోపం రాకుండుడు నిన్ననే మొదలు.

మల్లేపల్లి దాటినంక ఎక్కుడు ఒచ్చింది. జంగయ్య గేరు మార్చిండు. వెనుక మనుషుల బరువు. నేను సీటు పట్టుకున్న. మాఘంల ఇక్కడ్నే ఆగినం, జంగయ్య కుండ తీస్కొని నీళ్లకు ఉరికిండు. ఆయన నా చెయ్యి పట్టుకొని "తోయమను, ఎవలన్న ఒస్తె తోయమను" అన్నడు. ఎవలు రాలే. జంగయ్య నీళ్లు తెచ్చేటాల్లకు ఆ చెయ్యి చల్లగైంది. గింతె ఆ సంగతి. రాసిన.

మోటరు ఎక్కింది. ఆగలే, దగ్గలే. మీదికి ఒచ్చినంక జంగయ్య ఎక్కిల్లు పెట్టి ఏడ్సిండు, నడుపుకుంటనే. గిన్ని నెలలు రోజూ ఒచ్చి మోటరు ఎందుకు తుడిచిండో నేను ఒక్కనాడన్న అడగలే.

నల్లగొండల ఫౌజు డేరాల కాడ వాల్లను దించినం. ఖాసిం చెల్లె నా కాళ్లు పట్టుకోబోయింది. ఖాసిం ఇంజను మీద చెయ్యి పెట్టి చూసిండు. "జర ఏడిగైంది, నీళ్లు పొయ్యి" అని జంగయ్యతోని అన్నడు.

ఆశ్వయుజం.

బతుకమ్మలు పోతున్నయి. నేను అరుగు మీదనే.

చెన్నయ్య ఎదురింట్లనే ఉంటడు, ఎదురుపడడు. మొన్న బాయికాడ కనబడి కడవ తీస్కొని ఎనుకకు తిరిగిండు.

కార్తీకం. శుక్రవారం.

తొవ్వలు తెరిచినయి, నూలొస్తాంది. మోటరుల బాలస్వామి, నేను నల్లగొండకు పోయినం. నూలు సేటు మోటరు మోత విని బయటికొచ్చిండు. ఇది తనకిచ్చి జర పైసలు కలిపితె కొత్తది ఇప్పిస్తనన్నడు. బాలస్వామి నా దిక్కు చూసిండు.

"ఇయ్యం" అన్న. రేపు చెప్త అనలే.

ఖాసిం దుకాణానికి పోయినం. డేరాలకెల్లి తిరిగొచ్చిండు గని దుకాణం లేదు. రేకులు పీకి కిందేసిండ్రు, సామాన్లు ఎత్కపోయిండ్రు. ఆయన రాయి మీద కూసున్నడు.

నేను నోరు తెరవకముందే బాలస్వామి అన్నడు, "మా షెడ్డున్నది మేస్త్రి. చెల్లెను తీస్కొని ఒచ్చెయ్యి. అండ్లనే దుకాణం పెట్టుకో."

ఖాసిం నిమ్మలంగ అన్నడు, "కట్టెలు పట్టుకొని ఒచ్చింది మీ వాడకట్టోల్లే గదన్నా. చెన్నయ్య నాతోని తాడు పట్టిన మనిషి."

ఖాసిం లేచి బానెట్టు తెరిచి బెల్టు బిగిచ్చిండు. పైసలిస్తె తీస్కోలే.



సోమవారం.

నూలు పంచిన. చెన్నయ్య పాలు నేనే తీస్కపోయిన. మగ్గం కాడ కూసున్నడు, లేచి నిలబడ్డడు.

"రేపు జంగయ్య నల్లగొండకు పోతుండు. నువ్వు గూడ పో. ఖాసిం దుకాణం కాడ దిగు."

"పోయి ఏం చెప్పాలె చిన్నమ్మా?"

"నాకేమెర్క. ముందట నిలబడు. మాటొస్తె ఒస్తది, రాకుంటె లేదు."

"వాల్ల మోటర్లు బాగు చేసిండు గద. అవ్వ చేతులు..."

లోపలి అర్రలకెల్లి గుర్వమ్మ అన్నది, "నా చేతులు అడ్డం వెట్టి తప్పిచ్చుకోకురా. పో."

మంగళవారం.

చెన్నయ్య ఒచ్చిండు. తల దువ్వుకున్నడు. వెనుక సీట్ల కూసోబోయి, దిగి, జంగయ్య పక్కకు ఎక్కిండు. మోటరు సడక్ మలుపు తిరిగేదాంక చూసిన.

పొద్దు గూకినంక తిరిగొచ్చిండ్రు. చెన్నయ్య దిగి ఇంటికి పోయిండు. అంగీ మీద తుప్పు మరకలు. జంగయ్య చెప్పిండు.

ఖాసిం మధ్యాన్నందాంక అతన్ని చూడనే లేదట. చెన్నయ్య అక్కడ్నే నిలబడ్డడట, ఎండల. ఎనుక ఖాసిం ఒక రేకు ఒంటిగ లేపబోతె అది ఒక దిక్కు వాలిందట. "ఆ మూల పట్టు" అన్నడట. చెన్నయ్య పట్టిండు. ఇద్దరు కలిసి ఆ రేకు ఎక్కిచ్చి మేకులు కొట్టిండ్రట.

"ఏం మాట్లాడుకున్నరు?" అని అడిగిన.

"ఏం లేదమ్మా. 'జర మీదికి, జర కిందికి.' గంతె. ఇంకా రేకులు మిగిలినయి. రేపు మల్ల ఒస్తనని చెన్నయ్య చెప్పిండు. ఖాసిం రావద్దనలే."

మోటరుల పెట్రోలు ఉన్నదా అని అడిగిన. రేపటికి సరిపోతదన్నడు.